పండగ లేని ఇంటికి కారప్పొడి

దీపావళి ఆ ఏడు సోమవారం వచ్చింది. శనివారం నుంచే పిల్లలిద్దరికీ సెలవులు. అప్పటికి పాపకి పదేళ్లు, బాబుకి ఆరు. మార్టూరులో మేముండే వీధిలో పండక్కి ఒకరికొకరు స్వీట్ డబ్బాలు ఇచ్చుకోవడం అలవాటు. ఎప్పుడూ కొట్లో కొనేవాళ్లం. ఆసారి పాప, "మనమే చేసి ఇద్దామమ్మా" అంది. నేను స్కూల్లో తెలుగు చెబుతాను. దొరికిన మూడు రోజుల్లో కాస్త నడుం వాల్చాలని ఉన్నా, వాళ్ల సరదా చూసి సరేనన్నాను.

మొదట వేరుశనగ ఉండలు చేయబోయాం. మాటల్లో పడి బెల్లం పాకం ముదరనిచ్చాను. గిన్నెలో ముద్ద అట్లకాడతో పొడిచినా కదల్లేదు. మా వారు గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో సూపర్‌వైజరు. మధ్యాహ్నం భోజనానికొచ్చి, ఆ ముద్దని వేలితో కొట్టి చూసి, "మా దగ్గరికి పంపు, కోసి పెడతాం" అన్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు.

ఇక పాకం జోలికి పోకుండా నువ్వులు దోరగా వేయించి, బెల్లం కలిపి మిక్సీలో తిప్పాను. ఉండలు చుట్టడం పిల్లల పని. పాప ప్రతి ఉండనీ పక్కదానితో పోల్చి చూసుకుని, తేడా ఉంటే చిదిపి మళ్లీ చుట్టేది. బాబు చుట్టినవి కొన్ని గోళీలంత, కొన్ని నిమ్మకాయలంత. చేతులకు నూనె, ముక్కుకు బెల్లం. డబ్బాలోకి ఎన్ని వెళ్లాయో, నోట్లోకి ఎన్ని వెళ్లాయో నేను అడగలేదు.

సాయంత్రం పాప ఎవరెవరికి ఇవ్వాలో కాగితం మీద రాసింది. అందులో ఎదురింటి తాతగారి పేరు కూడా ఉంది.

ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. పిల్లల్లేరు. ఆ వేసవిలోనే ఆయన భార్య పోయారు. ఆవిడ ఉన్నన్నాళ్లూ వంటింటి కిటికీలోంచి నన్ను పిలిచి ఏదో ఒకటి చేతిలో పెట్టేవారు. ఆవిడ పోయాక నేను ఆ గేటు తీసింది పెద్దకర్మ రోజున ఒక్కసారే. ఆ తర్వాత మాస్టారు అరుగు మీద కనిపిస్తే తల వంచుకుని వెళ్లిపోయేదాన్ని. అది మర్యాదనుకున్నాను.

"తాతగారికి వద్దు. మామ్మగారు పోయారు కదా, ఈ ఏడాది వాళ్లింట్లో పండగ ఉండదు. స్వీట్లు ఇవ్వకూడదు" అన్నాను.

పాప ఆ పేరు కొట్టేయబోయి తలెత్తింది. "మరి ఆ రోజు తాతగారు ఏం తింటారు?"

"రోజూ వచ్చినట్టే క్యారేజీ వస్తుందిగా."

"వాళ్లకీ పండగేగా. రారేమో."

అది నాకు తట్టలేదు. క్యారేజీ పట్టుకొచ్చే ఆవిడకి ఫోన్ చేస్తే, "సోమవారం పొయ్యి వెలిగించమండీ, మాస్టారికి చెప్పాం" అంది. ఆయన ఏమన్నారని అడిగితే, సరేనన్నారని చెప్పింది.

పాప నన్నే చూస్తోంది. "స్వీటు ఇవ్వకూడదు సరే. కారం ఇవ్వొచ్చా?"

నాకు తెలియక గుంటూరులో ఉన్న మా అమ్మకి ఫోన్ చేశాను.

"కారప్పొడి పండగ వంటేంటే?" అంది అమ్మ. "శుభ్రంగా ఇవ్వు. ఇన్నాళ్లూ ఒక్కసారన్నా ఏదన్నా పంపావా?"

ఫోన్ పెట్టేసి, ఇంట్లో ఎండుమిరపకాయలు ఎన్నున్నాయో చూశాను.

ఆదివారం కరివేపాకు కారం చేశాం. పిల్లలు కరివేపాకు దూసి, కడిగి, పాత చీర మీద ఆరబోశారు. మిరపకాయల తొడిమలు తీసేటప్పుడు కళ్లు నలుపుకోకూడదని మిరప పండే ఈ ఊళ్లో పిల్లలకి ఎవరూ నేర్పనక్కర్లేదు. బాబు చేతులు వెనక్కి పెట్టుకుని, "అక్కా, నీ మోచేత్తో నా ముక్కు గోకవా" అంటూ ముఖం చాపాడు. మిరపకాయలు వేయించేటప్పుడు ముగ్గురం తుమ్ముతూనే ఉన్నాం. వెల్లుల్లి వేయాలా వద్దా అన్న దగ్గర ఆగిపోయాను. మాస్టారు వెల్లుల్లి తింటారో లేదో, పదేళ్లు ఎదురుగా ఉండి కూడా నాకు తెలియదు. చివరికి మానేశాం. ఉప్పు బాబు వేశాడు.

పండగ పొద్దున సీసా పట్టుకుని ముగ్గురం వెళ్లాం. మాస్టారు పేపరు పక్కన పెట్టి, మూత తీసి వాసన చూసి, గట్టిగా తుమ్మారు.

"ఎవరు చేశార్రా?"

"నేనూ తమ్ముడూ. అమ్మ పొయ్యి దగ్గర నిలబడిందంతే" అంది పాప.

"బాగుందమ్మా. కానీ అన్నం లేదు." మామూలుగా, ఇవాళ కరెంటు లేదు అన్నట్టు చెప్పారు.

"బియ్యం ఉన్నాయా?" అని అడిగాడు బాబు.

"ఉండాలి. ఎక్కడో."

నేను లోపలికి నడవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. "నువ్వు వండకమ్మాయ్. నువ్వు వండితే ఈ పూటకే సరి. పిల్లల చేత చెప్పించు, నేను చేస్తాను."

వంటింట్లో డబ్బాలన్నీ ఆవిడ సర్దినట్టే వరసగా ఉన్నాయి. ఏ డబ్బాలో ఏముందో ఆయనకి తెలియదు. "ఆవిడ పోయాక మంచినీళ్లకి తప్ప ఈ గదిలోకి రాలేదు" అన్నారు. పాప ఒక్కొక్క మూతా తీసి చూపించింది. కందిపప్పు, మినప్పప్పు, జీలకర్ర. ఆయన కాగితాలు చించి, బోర్డు మీద రాసినంత గుండ్రంగా పేర్లు రాశారు. బాబు అంటించాడు. ఆవాల డబ్బా దగ్గర ఆయన కాసేపు ఆగారు. అందులో ఆవిడ వేసి ఉంచిన చిన్న చెంచా ఉంది. దాన్ని కడిగి తుడిచి, మళ్లీ అందులోనే పెట్టారు.

"గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు" అంది పాప.

"ఒకటికి రెండు. ఇది తేలికే" అన్నారు మాస్టారు. కుక్కర్ కూత వేసినప్పుడు మాత్రం ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. పిల్లలు నవ్వారు. ఆయనా నవ్వారు. ఆయన నవ్వు విని ఎన్నాళ్లయిందో.

అన్నం కాస్త మెత్తబడింది. వేడి వేడి అన్నంలో కారప్పొడి, బాబు మా ఇంట్లోంచి పట్టుకొచ్చిన నెయ్యి కలుపుకుని మొదటి ముద్ద తిని, "ఉప్పు ఎక్కువైంది" అన్నారు. బాబు ముఖం చిన్నబుచ్చుకున్నాడు. ఆయన మాత్రం ఇంకో ముద్ద కలుపుకుంటూ, "ఎక్కువైంది అని చెప్పి ఎన్నాళ్లయిందిరా! క్యారేజీ వాళ్లకి ఎలా ఉందో ఎవరు చెబుతారు?" అన్నారు. ఆ తర్వాత కళ్లు తుడుచుకున్నారు. బాబు ఆయన కంచంలో ఇంకాస్త నెయ్యి వేశాడు.

ఇంటికొచ్చాక నువ్వుండల డబ్బాలు మిగతా ఇళ్లన్నిటికీ పంచి వచ్చాం. అందరూ బాగున్నాయన్నారు. నా మనసు మాత్రం ఆ వంటింట్లోనే ఉండిపోయింది. నేనేం మాట్లాడాలో తెలియక ఆ గేటు తీయలేదు. పిల్లలకీ తెలియదు. కాకపోతే వాళ్లు ఆయన్ని ఓదార్చబోలేదు, బియ్యం ఉన్నాయా అని అడిగారు.

తర్వాత రోజూ స్కూలు నుంచి రాగానే పిల్లలు అక్కడికే. ఆయన వాళ్లకి లెక్కలు చెప్పేవారు, వాళ్లు నన్నడిగి తెలుసుకున్నది ఆయనకి చెప్పేవారు. పప్పు వచ్చింది. పోపు రెండుసార్లు మాడింది. నెల తిరిగేసరికి రాత్రి క్యారేజీ మానేశారు. పగటిది ఇప్పటికీ తెప్పించుకుంటారు, రెండు పూటలా వండుకునే ఓపిక లేదంటారు.

మొన్నొక సాయంత్రం గరిట చేత్తోనే మా గేటు దగ్గరికొచ్చి నిలబడ్డారు.

"అమ్మాయ్, చారులో పులుపు ఎక్కువైంది. ఏం చెయ్యాలి?"

నేను నోరు తెరిచేలోపే లోపలినుంచి బాబు అరిచాడు. "నీళ్లు పొయ్యండి తాతగారూ!"

"ఎన్ని?" అన్నారు మాస్టారు.