నాయన గీసిన కళ్లు

నిన్న మా అమ్మాయి ఫోన్లో ఒక పాత ఫోటో చూపించింది. ఎప్పుడో తాతల కాలంనాటి అమెరికా అంతర్యుద్ధంలో తీసిందట. ఫోటోలు తీసే ఆయన చచ్చిపడిన సిపాయిని ఇంకోచోటికి మోయించి, పక్కన తుపాకీ పెట్టి మరీ తీశాడట. "ఛీ, శవంతో నాటకమా!" అంది. ఆ మాట మా నాయనను అన్నట్టే నాకు తల వంగిపోయింది, ముక్కుకు ఫోటోలు కడిగే హైపో మందు పుల్లటి ఘాటు తగిలింది.

తిరుత్తణిలో మా నాయనది ఫోటో స్టూడియో. ఆడికృత్తిక తిరునాళ్లకు గుడి కొండ కింద కావళ్ల గజ్జెల మోత, పంచామృతం తీపి, గుండు మీద గంధం ఆరకముందే ఏడుస్తూ కెమెరా ముందు కూర్చునే పిల్లలు, అదే మాకు పండగ. మిగతా ఏడాదంతా మాకు కూడు పెట్టింది చావులే. చుట్టుపక్కల నేతవాళ్ల పల్లెల్లో బతికుండగా ఫోటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని భయం. అందుకని మనిషి పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా ఉత్తరీయంతో కట్టి, నాయనకు కబురు పెట్టేవాళ్లు. మూసిన కళ్లకు పూజ చేయకూడదంటారు కదా, నాయన ఫోటో కడిగాక సన్న పెన్సిలుతో తెరిచిన కళ్లు గీసిచ్చేవాడు. బళ్లో పిల్లలు నన్ను అరవంలో "పిణం ఫోటో", అంటే శవం ఫోటో, అని పిలిచేవాళ్లు. పెరుగన్నం డబ్బా పట్టుకుని ఒక్కదాన్నే గోడవార కూర్చునేదాన్ని.

ఒకసారి అమ్మా నేనూ ఒక నేతవాళ్ల ఇంటికి సీమంతానికి వెళ్లాం. మగ్గం పైన గోడకు ఆ ఇంటి పెద్దాయన ఫోటో, పూలదండ, గుబురు మీసం. ఆ మీసం పైన మా అమ్మ కళ్లు. అమ్మకు ఎడమ రెప్ప కాస్త వాలినట్టుండేది, అదీ అలాగే. పేరంటాళ్లు ఫోటోనూ అమ్మనూ మార్చి మార్చి చూసి నవ్వేసరికి, అమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుని పసుపు కుంకుమ కూడా తీసుకోకుండా బయటపడింది.

"ఏమయ్యా, సచ్చినోళ్లకంతా నా కండ్లే పెట్టినావా? నేనింకా బతికే ఉండానే!" అని ఇల్లు చేరగానే నాయన ముందు ఏడ్చింది.

నాయన తల ఎత్తలేదు. "వేరే కండ్లు నేను యాడ చూసినాను?" అన్నాడు.

ఇంట్లో ఉన్న తన ఫోటోలన్నీ అమ్మ ఆ రోజే పొయ్యిలో వేసింది. ఆ తరువాత ఏ కెమెరా ముందూ నిలబడలేదు. పోయినప్పుడు కూడా కుర్చీ ఎక్కించొద్దని మాతో ముందే ఒట్టు వేయించుకుంది.

అమ్మ కళ్లు మళ్లీ ఒకసారి చూడాలని, ఇవాళ పొద్దున్నే నేనిప్పుడుండే తిరువళ్లూరులో బస్సెక్కి ఆ నేతవాళ్ల ఇంటికి వెళ్లాను. మగ్గం లేదు, ఆ చోట బైకు నిలబెట్టుకున్నారు. గోడ మీద పెద్దాయన రంగుల్లో మెరిసిపోతున్నాడు, కళ్లు మాత్రం కొత్తవి.

"పాత కండ్లు ఆడమనిషివి మాదిరి ఉండాయని పిల్లోళ్లు నగతా ఉంటే, కంప్యూటర్లో మార్పించినాము అక్కా," అంది ఆ ఇంటి కోడలు. "పాత పటం ఏట్లో వదిలేసినాము. ఏం, నీకు కావాల్సిండెనా?"

ఆ పాత కళ్లు ఎవరివో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే అడ్డొచ్చింది. లేదని తల అడ్డంగా ఊపి, ఎవరివో తెలియని ఆ కళ్లకు దణ్ణం పెట్టి వచ్చేశాను.