నూటికి ముగ్గురు

విత్తన పరీక్షాకేంద్రంలో ఆయన చేసే పని చూడ్డానికి చాలా చిన్నది. తడి కాగితం మీద వంద గింజలను వరుసగా పేర్చి, చుట్టచుట్టి, నిర్ణీతమైన వేడిలో ఉంచి, ఏడో రోజున విప్పి ఎన్ని మొలిచాయో లెక్కపెట్టడం. ఇరవై ఒక్క ఏళ్లుగా అదే పని చేస్తున్నందువల్ల తోటివారు ఆయనకు ‘వందగారు’ అని పేరు పెట్టారు. మూట నోటి దగ్గరి గింజలను ఆయన నమ్మడు. అవి అమ్మేవాడు ఏరి పెట్టినవి. బోలుగా ఉండే పొడవాటి ఇనుప గొట్టాన్ని అడుగుదాకా గుచ్చి పైవీ, నడిమివీ, అడుగువీ కలిపి తీస్తాడు.

ఆయన భార్య ఇంట్లోనే బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. ఇద్దరు కూతుళ్లు. పెద్దదానికి పదకొండేళ్లు, దాన్ని ఎక్కడ పడేసినా బతికేస్తుంది. చిన్నదానికి ఆరు. వినికిడి బాగానే ఉంది, మాటలూ వచ్చు, వైద్యులు ఏ లోపమూ పట్టుకోలేకపోయారు. అయినా అమ్మానాన్నలతో, అక్కతో తప్ప మరొకరి ఎదుట పెదవి విప్పేది కాదు. నిరుటి నుంచి మాత్రం సందులోని తన ఈడు పిల్లలతో, అదీ ఆట మధ్యలో, ఒకటీ అరా మాట్లాడుతోంది. ఇల్లు మారడమంటే ఆ ఒకటీ అరాను పణంగా పెట్టడమే.

మారమని బలవంతపెట్టింది వందగారి అక్క భర్త. కాలేజీలో తర్కశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. కాలేజీ వెనక వీధిలో సొంత మేడ. పై వాటా ఖాళీ అయింది. ఆ మాట చెప్పడానికి స్వయంగా వచ్చి పావుగంట కూర్చున్నాడు. ఆ పావుగంటలో ‘వాతావరణం’ అనే మాట పదమూడు సార్లు వాడాడు. ఒక్కసారి కూడా ఎండ గురించి గాని, వాన గురించి గాని కాదు.

“ఇక్కడేముందోయ్, ఈ ఇరుకు సందులో? మా వీధిలో గాలి పీలిస్తే చాలు, పిల్లలకు నాలుగు ముక్కలు వంటబడతాయి,” అన్నాడు.

“అయితే అన్నయ్యగారూ,” అంది వందగారి భార్య సూదిలో దారం ఎక్కిస్తూ, “మీ వీధి మొదట్లో ఇస్త్రీ బండాయన ఇరవై ఏళ్లుగా అదే గాలి పీలుస్తున్నాడు. ఈపాటికి డాక్టరేటు వచ్చుండాలే?”

అధ్యాపకుడు నవ్వాడు. తప్పించబోయే విద్యార్థిని చూసి పరీక్షకుడు నవ్వే నవ్వు అది. వచ్చే నెల మొదటి ఆదివారం భోజనానికి వచ్చి ఏ సంగతీ చెప్పమని లేచాడు. దానికి ఇంకా పద్దెనిమిది రోజులున్నాయి.

వందగారు ఎవరి మాటా వినే మనిషి కాదు, కొలిచే మనిషి. ఆ వారంలోనే ఒకసారి పొద్దున, ఒకసారి మధ్యాహ్నం, ఒకసారి సాయంత్రం ఆ వీధికి వెళ్లి, ఒక్కోసారి గంటసేపు నిలబడి నోటు పుస్తకంలో రాసుకున్నాడు. గంటకు వాహనాలు పద్నాలుగు. కేకలు లేవు. కుక్కలు మూడు, మూడూ నిద్రలో. చివర ‘అనుకూలం’ అని రాసి కింద గీత గీశాడు.

భార్య ఆ పేజీ చదివింది. “ఈ మూడు పూటలూ ఏ తారీఖుల్లో వెళ్లారు?”

“ఈ వారమే.”

“కాలేజీకి సెలవులు కదండీ.”

ఆయన పేజీని మళ్లీ చూసుకున్నాడు.

“కొత్త గింజ కొన్నాళ్లు నిద్రపోతుంది, తడి తగిలినా లేవదు, దాన్ని చచ్చిందని రాసేవాడు దద్దమ్మ అని పెళ్లైన నాటి నుంచి నాకు క్లాసు పీకుతున్నారు. వీధి నిద్రపోకూడదా?”

కేంద్రంలో కొత్తగా చేరిన ప్రతివాడికీ ఆయన మొదటి రోజు చెప్పే పాఠం అది. ఆ తప్పు మరొకడు చేసి ఉంటే వారం రోజులు ముఖం చూసేవాడు కాదు. గీత గీసిన పేజీని చించి, మడిచి, చెత్తబుట్టలో వేశాడు.

కాలేజీ తెరిచిన మొదటి బుధవారం ఇద్దరూ కలిసి వెళ్లారు. వీధి నిద్ర లేచింది. మూడు కిటికీల్లోంచి మూడు పాటలు ఒకేసారి వస్తున్నాయి. ఏ ఒక్కటీ రెండో దానికి దారి ఇవ్వడం లేదు. ఇళ్లు ఇళ్లుగా లేవు. విద్యార్థులకు అద్దెకిచ్చే గదులుగా తరిగి పెట్టి ఉన్నాయి. ఒక గేటుకు తొమ్మిది కాలింగ్ బెల్లులున్నాయి. వందగారు టీ బండి పక్కన నిలబడి దాటిపోయే మనుషులను వంద మంది దాకా లెక్కపెట్టాడు. చేతిలో పుస్తకం ఉన్నవారు ఏడుగురు. వారిలో ఒకడు దాన్ని టీ గ్లాసు కింద పెట్టుకున్నాడు. చదువు గాలిలో ఉన్నట్టయితే అది ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతోందో తెలియలేదు. పన్నెండేళ్ల లోపు పిల్లలు ముగ్గురు. ఇద్దరిని వాళ్లమ్మ వీధి అవతలికి ఈడ్చుకుపోతోంది. మూడోవాడు పొరపాటున ఇక్కడ బస్సు దిగి దారి అడుగుతున్నాడు.

భార్య తన పద్ధతిలో చూసింది. “పదిహేడు మేడల దండేలు చూశానండీ. ఒక్క చిన్న లాగు ఆరేసి లేదు.”

మందుల దుకాణంలో పిల్లల జ్వరం సిరప్పు అడిగింది. దుకాణదారుడు సీసా మీది దుమ్ము చొక్కా చేత్తో తుడిచి ఇచ్చాడు. గడువు దాటి నాలుగు నెలలైంది.

“ఇక్కడ ఇవి ఎవరడుగుతారమ్మా,” అన్నాడు, సిగ్గుపడకుండా. “తలనొప్పి బిళ్లలైతే ఎన్నైనా పోతాయి.”

వీధి చివర చిన్న పార్కు ఉంది. వ్యాయామం చేసే ఇనుప కమ్మీ చేతులు తగిలి తగిలి అద్దంలా మెరుస్తోంది. దాని పక్కన ఉయ్యాల గొలుసులు, సరిగ్గా పిల్లలు పట్టుకునే ఎత్తులో, మిగతా గొలుసుతో సమానంగా తుప్పు పట్టి ఉన్నాయి. వందగారు గొలుసును వేలితో రుద్ది, వేలు చూసుకుని, ఏమీ రాసుకోలేదు.

అయినా ఆదివారం పిల్లలతో సహా వెళ్లారు. తీర్పు చెప్పేముందు చిన్నదాన్ని అక్కడ ఒక పూట ఉంచి చూడాలన్నది ఆయన నియమం. భోజనం దగ్గర అధ్యాపకుడు అసలు సంగతి బయటపెట్టాడు.

“ఈ గదుల్లోని కుర్ర వెధవలు మా మెట్ల మీద చేరితే వదలరోయ్. చెప్తే ‘సరే సార్’ అంటారు, కదలరు. పైన ఒక సంసారం ఉంటే జంకుతారు. మీ ఆవిడ మిషను వరండాలో వేసుకుందంటే మరీ మంచిది.”

“అన్నయ్యగారికి కావలసింది మేం కాదు, దిష్టిబొమ్మ,” అంది ఆవిడ. “అదైతే అన్నం కూడా అడగదు.”

ఇరవై ఏళ్లు తర్కం చెప్పి నలుగురు కుర్రాళ్లను తన మెట్ల మీదినుంచి లేపలేని ఆ మనిషిని వందగారు మొదటిసారి తేరిపార చూశాడు. చూడదగినదేమీ కనబడలేదు.

చిన్నది చేయి కడుక్కుని ఆ మెట్లే దిగుతోంది. అక్కడ కూర్చున్నవారిలో ఒకడు పేరడిగాడు. అది నిలబడిపోయింది. “మాట్లాడేదాకా వీడియో తీద్దాంరా,” అని ఇంకొకడు ఫోను ఎత్తాడు. అందరూ నవ్వారు. దుర్మార్గులు కారు, ఆరేళ్ల మనిషి కూడా మనిషేనని గుర్తు రావడానికి వాళ్లకు అలాంటివాళ్లు రోజూ కనబడాలి, కనబడరు. పెద్దది పరుగున వెళ్లి చెల్లెల్ని లాక్కొచ్చింది. లోపలికి వచ్చాక చిన్నది అక్కతో కూడా మాట్లాడలేదు.

వందగారు అక్క వైపు తిరిగాడు. “ఈ వీధిలో దీని ఈడు పిల్లలు ఎంతమంది అక్కా?”

“ఈడు పిల్లలెందుకోయ్,” అన్నాడు అధ్యాపకుడు. “పెద్దవాళ్ల మధ్య పెరిగితే పెద్ద బుద్ధులొస్తాయి.”

“నేను అక్కనడిగాను బావగారూ.”

అక్క గిన్నెలు సర్దడం ఆపింది. “ఒక్కరూ లేరురా తమ్ముడూ. మా అబ్బాయి ఒంటరిగా ఆ కిటికీ పట్టుకునే పెరిగాడు. మీరొస్తే నాకు తోడుంటుందని ఇన్నాళ్లూ చెప్పలేదు. రాకండి.”

భర్త ఆవిడను చూసిన చూపు ఆవిడకు పాతదే.

“మేం రాం బావగారూ,” అన్నాడు వందగారు.

“కారణం చెప్పు. కారణం లేని నిర్ణయం నిర్ణయం కాదు.”

“నూటికి ముగ్గురు. ఆ ముగ్గురూ ఇక్కడివాళ్లు కారు.”

“మనుషులూ గింజలూ ఒకటేనటోయ్?”

“కాదు. గింజ మొలవకపోతే ఇంకోటి వేస్తాం.”

గింజలు లెక్కపెట్టేవాడికి చదువు విలువేం తెలుస్తుందని అధ్యాపకుడు తర్వాత బంధువులందరికీ చెప్పాడు. పై వాటాలో నలుగురు విద్యార్థులు చేరారు. మెట్లు వాళ్లవీ అయ్యాయి. వందగారి అక్క నెలకోసారి తమ్ముడి ఇంటికి వచ్చి, సందులోకి కుర్చీ వేయించుకుని సాయంత్రందాకా కూర్చుంటోంది.

చిన్నది సందులోనూ తొమ్మిది రోజులు నోరు విప్పలేదు. ఆ తొమ్మిది రోజుల్లో వందగారు కేంద్రంలో ఒక లెక్క రెండుసార్లు తప్పాడు. పదో రోజు సాయంత్రం గోడ అవతలినుంచి దాని గొంతు వినబడింది: “నువ్వు తొండి. గీత తొక్కావు. నేను చూశాను. తొండి ఆడేవాళ్లతో నేనాడను.” అవతలి పిల్ల కూడా ఊరుకోలేదు.

మిషను ఆగింది. వందగారు గుమ్మం దాకా వచ్చి ఆగాడు. పక్కింటావిడ పిల్లలను విడదీయడానికి గబగబా బయల్దేరింది.

“ఆగండి వదినా,” అంది వందగారి భార్య, చేయి అడ్డుపెట్టి. “వాళ్లనలా పోట్లాడుకోనివ్వండి.”