చుక్కల పట్టీ మీద ఇన్‌స్టలేషన్

నరసరావుపేటలో మా పక్కింటి అమ్మాయికి కంప్యూటర్ సిద్ధం చేసి ఇచ్చింది నేనేనని ఆ వీధిలో ఇప్పటికీ చెప్పుకుంటారట. అది విన్న మాట, నిజం కాదు. కొత్త సిస్టమ్ ఎక్కించడానికి పెన్‌డ్రైవ్ తయారు చేయడం వరకే నా పని. మిగతాదంతా చూపు లేని ఆ అమ్మాయే చేసింది. పక్కన కూర్చుని చూశాను కనుక ఇది ఖచ్చితం.

వాళ్ల నాన్న ముందుగదిలో మోటార్లకు వైండింగ్ చేసేవారు. వార్నిష్ వాసన మా వంటింటి దాకా వచ్చేది. అప్పట్లో విసుక్కునేదాన్ని. ఆ ఊరు వదిలాక ఎక్కడైనా ఆ వాసన తగిలితే కాసేపు నిలబడిపోతున్నాను.

అమ్మాయి డిగ్రీ పూర్తిచేసింది. సోమవారం తన కంప్యూటర్ తెచ్చుకుని, ఎవరి సాయమూ లేకుండా ఒక పిటిషన్ టైపు చేసి చూపిస్తే పనిలో పెట్టుకుంటానని ఒక వకీలు గారు మాటిచ్చారు. శనివారం నాటికి ఆమె పాత ల్యాప్‌టాప్‌లోని సిస్టమ్ పాడైంది. తెరను చదివి వినిపించే గొంతు ఆగిపోయింది.

కొత్త సిస్టమ్ ఇన్‌స్టలేషన్ మొదలైనప్పటి నుంచే మాట్లాడుతుందని సూచనల్లో ఉంది. బీప్ వినగానే ఎస్ నొక్కి ఎంటర్ కొట్టాలి. మూడుసార్లు కొట్టాను. తెరమీద భాషల జాబితా వచ్చింది కానీ గొంతు రాలేదు. సైన్సు పాఠాలు చెప్పే అలవాటు కొద్దీ నోటుపుస్తకంలో ‘విఫలం’ అని రాశాను.

“ఏమే, ఇద్దరూ మూగనోము పట్టారా ఏంది? చాయ్ చల్లారిపోతంది!” అని వాళ్లమ్మ లోపలినుంచి అరిచింది.

“టీచరక్కా, చుక్కల పట్టీ తగిలించారా?” అని అడిగింది అమ్మాయి.

తెరమీది వరుసను సన్నని పిన్నులతో బ్రెయిలీగా పైకి లేపే పరికరం అది. ఆమె చదివిన పాఠశాల వారు అరువిచ్చారు.

“పొద్దుటి నుంచీ తగిలించే ఉంది. గొంతే రానప్పుడు సిస్టమ్ దాన్ని గుర్తుపడుతుందా?”

ఆమె పట్టీ మీద వేళ్లు ఆనించి పకపకా నవ్వింది. “ఏ భాష కావాలని ఇందాకట్నుంచి అడుగుతానే ఉందక్కా! మీరేమో చెవులప్పగించి కూర్చున్నారు.”

ముట్టుకుని చూడమని ఆమెకు చెప్పాలన్న ఆలోచనే నాకు రాలేదు. నోటుపుస్తకంలో రాసింది కొట్టేశాను.

ఆపైన ఆమె వేళ్లతో చదివిన ప్రతి వరుసనూ తెరతో సరిచూశాను. ఒక్క తప్పు లేదు. డిస్కు మొత్తం చెరిపేయాలా అని అడిగిన చోట మాత్రం తెలియకుండానే ఆమె చెయ్యి పట్టుకున్నాను.

“చదివే నొక్కుతన్నా. తియ్యండి చెయ్యి.”

తీశాను. పని పూర్తయి సిస్టమ్ మళ్లీ మొదలైనప్పుడు గొంతు కూడా వచ్చింది, గణగణా.

అప్పుడు నాకు అనుమానం పట్టుకుంది. ఇప్పుడు పలికిన గొంతు ఇన్‌స్టలేషన్‌లో ఎందుకు పలకలేదు? పట్టీ ఉందని గొంతు తప్పుకుందా, లేక సౌండు అప్పటికి సిద్ధంగా లేదా? పట్టీ తీసేసి మళ్లీ మొదటినుంచి చేస్తే తేలుతుంది. ఆ మాటే అన్నాను.

“మీ డౌటు తీరడానికి నా పొట్ట కొడతారా ఏంది? ఎల్లుండి పోవాలి నేను!”

పెన్‌డ్రైవ్ ఊడదీసి సంచిలో వేసుకున్నాను.

సోమవారం ఆమె పిటిషన్ టైపు చేసింది. మంగళవారం నుంచి పనికి వెళ్లింది. ఇప్పుడు గురజాలలో అదే ల్యాప్‌టాప్ మీద కోర్టు కాగితాలు తయారుచేస్తోంది. గొంతు ఎందుకు రాలేదో నాకు నేటికీ తెలియదు. తేల్చాలంటే ఆ యంత్రాన్నే చెరపాలి. దాన్నిండా ఆమె పని ఉంది.