మెట్లెక్కిన సముద్రం

మార్చి తొమ్మిదో తేదీ. ఇరవై మూడు.

ఆ ఉదయం ఏడింటికీ తొమ్మిదిన్నరకూ మధ్య మా మావయ్య నడివీధిలో ఆగి, చెప్పులు విప్పి చేత పట్టుకున్న సార్లవి. విప్పినప్పుడల్లా ప్యాంటు అంచులు రెండు మడతలు పైకి మడిచారు. నాలుగడుగులు కొంగలా ఆచితూచి వేశారు. ఆ తరువాత కాళ్ళు విదిలించుకుని మళ్ళీ చెప్పులు తొడుక్కున్నారు. ఆ వీధుల్లో ఎక్కడా తడి లేదు. వాన పడి నెల దాటింది. కారణమేమిటని అడిగితే నా వైపు జాలిగా చూశారు.

"సముద్రంలోకి చెప్పులేసుకుని ఎవరైనా దిగుతారా తల్లీ?"

సముద్రం అక్కడికి కిలోమీటరున్నర దూరంలో ఉంది. డెబ్బై ఏళ్ళ కిందట మాత్రం అక్కడే ఉండేది. రేవును లోతు చేసినప్పుడు తవ్విన మట్టిని ఒడ్డున పోసుకుంటూ పోయి, సముద్రాన్ని వెనక్కి నెట్టి, ఆ నేల మీద బ్యాంకులూ బస్సు డిపో నాలుగు వరుసల మేడలూ కట్టారు. పాత ఒడ్డు ఎక్కడుండేదో జనం సుఖంగా మరచిపోయారు. మా మావయ్య మరువలేదు. నలభై ఏళ్ళు మున్సిపల్ ఆఫీసులో సర్వేయరుగా పనిచేసిన మనిషి ఆయన. ఆయన కొలిచిన గోడ మీద ఏ కోర్టులోనూ వ్యాజ్యం నిలవలేదని ఆఫీసులో ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటి మనిషి పదవీవిరమణ చేసిన నాటి నుంచి, పాత ఒడ్డు గీత దాటవలసిన ప్రతిచోటా పాదరక్షలు విప్పడం నియమంగా పెట్టుకున్నారు.

ఈ నియమానికి మినహాయింపులు లేవు. బ్యాంకు పాత సముద్రంలో ఉంది కనుక మేనేజరు ఎదుట కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చుంటారు.

"కింద పెట్టుకోండి సార్, ఫరవాలేదు" అంటాడు మేనేజరు.

"మీకు ఫరవాలేదు. బూట్లేసుకున్నారు. ఇక్కడ నడుంలోతు ఉంటుంది."

బస్సు డిపో మలుపు తిరుగుతుంటే సీట్లో కూర్చునే పాదాలెత్తేస్తారు. ఆయన ఎత్తడం చూసి పక్కనున్నవాళ్ళు సీటు కింద ఏదో పాకుతోందనుకుని ఎత్తుతారు. వాళ్ళను చూసి ముందువాళ్ళు ఎత్తుతారు. ఒకసారి బస్సు సగం ఆ విధంగా గాల్లో కాళ్ళతో డిపో చేరింది.

పెద్ద కూడలి దగ్గర ఆకుపచ్చ దీపం వెలిగినా కదలరు. ట్రాఫిక్ పోలీసు ఈల వేసి వేసి దగ్గరికి వస్తాడు.

"ఏమైంది పెద్దాయనా? దాటండి!"

"ఒక్క క్షణం బాబూ. ఈ అల వెనక్కి పోనీ."

మా అత్తయ్యకు ఈ విషయంలో ఒకే ఒక ఫిర్యాదు ఉంది. "రోడ్డంతా చెప్పుల్లేకుండా తిరుగుతారు. ఇంట్లోకి మాత్రం చెప్పులతోనే వస్తారు. అదేంటండీ అంటే, 'మనిల్లు గట్టు మీద ఉందిగా' అంటారు!"

సముద్రం దాటాక ఇంకొక తంతు ఉంది. ఉప్పునీళ్ళు ఆరితే పాదాలు దురద పెడతాయట. అందుకని దగ్గరలో ఏ ఇల్లుంటే ఆ ఇంటి తలుపు తట్టి "కాస్త ఒక మగ్గు నీళ్ళిస్తారా?" అంటారు. పొడి కాళ్ళు కడుక్కుంటారు. ఎండ గురించి, పేపర్లో వార్త గురించి రెండు ముక్కలు మాట్లాడి కదులుతారు.

నేను ఆ నగరానికి వెళ్ళింది ఆ ఒడ్డు గీత కోసమే. సామాజిక పరిశోధనలో నా పట్టా ఇంకా చేతికి రాలేదు. పూడ్చిన సముద్రపు ఒడ్డు ఎక్కడుండేదో పాతకాపులను అడిగి పటం గీయడం నా ఆఖరి పని. నెలాఖరు శుక్రవారం లోగా ఆ పటాన్ని మున్సిపల్ ఇంజనీరుకు అందజేస్తే, ఆయన దాని ప్రకారం వీధుల్లో నీలిరంగు గీత వేయిస్తారు. పటం తప్పితే గీత తప్పుతుంది. గీత తప్పితే నా పట్టా ఆగుతుంది. అటువంటి స్థితిలో సొంత మేనమామే ఆ గీతను కాళ్ళతో కొలుస్తూ రోజూ తిరుగుతున్నాడంటే, ఏ పరిశోధకురాలికైనా అంతకన్నా అదృష్టం ఏముంటుంది? నోటుపుస్తకంలో సమయం, స్థలం, లోతు అని మూడు గడులు గీసుకుని ఆయన వెంట నడిచాను. లోతు ఆయనే చెప్పేవారు: చీలమండ, మోకాలు, నడుము.

తపాలా ఆఫీసు వెనక వీధిలో ఒక మేడ ఉంది. దానికి బయటి నుంచి ముప్ఫై రెండు మెట్లు. మావయ్య రొప్పుతూ మెట్లన్నీ ఎక్కి, పై మెట్టు మీద చెప్పులు విప్పారు.

"ఇక్కడెంత లోతు మావయ్యా?"

"చీలమండ దాకా."

రాసుకున్నాను. సమాచారదాత మాటకు అడ్డు చెప్పకూడదని మాకు మొదటి సంవత్సరంలోనే నేర్పారు.

ఆ మేడ మీద ఉండే పెద్దావిడ పూర్వం టెలిఫోను ఎక్స్ఛేంజిలో లైన్లు కలిపే ఉద్యోగం చేశారు. మగ్గుతో నీళ్ళు అప్పటికే గుమ్మంలో సిద్ధంగా ఉన్నాయి. "ఇవాళ ఆరు నిమిషాలు ఆలస్యం" అన్నారావిడ.

"అలలు ఎక్కువగా ఉన్నాయండీ."

"ఉంటాయి, ఉంటాయి. జాగ్రత్తగా దిగండి."

శుక్రవారానికి నాలుగు రోజుల ముందు రికార్డు గదిలో రేవును లోతు చేయక మునుపటి పటం ఒకటి దొరికింది. దాని మీద పారదర్శక కాగితం పరచి, నా ఇరవై మూడు చుక్కలను సరిచూశాను. తొమ్మిది చుక్కలు పాత ఒడ్డు మీద దారానికి గుచ్చినట్టు కూర్చున్నాయి. మిగతా పద్నాలుగూ కాగితమంతటా చెల్లాచెదురుగా పడ్డాయి. ఒకటి ఒడ్డు నుంచి ఊరి వైపు ఆరువందల మీటర్ల దూరంలో ఉంది. ఒకటి ముప్ఫై రెండు మెట్ల పైన ఉంది.

ఇంటికి వెళ్ళి వంటింట్లో బల్ల మీద ఆ కాగితం పరిచాను. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుని చూసింది.

"ఇది టెలిఫోనావిడ" అంది, ఒక చుక్క మీద వేలు పెట్టి. "ఇది సరంగు. రేవులో ఓడల్ని లాగే పడవ నడిపేవాడు. ఇది కళ్ళద్దాల దుకాణం ఆయన. ఇది కుట్టుపని మామ్మ."

"అత్తయ్యా, నేనడిగేది సముద్రం గురించి."

"నేనూ దాని గురించే చెప్తున్నానే! ఈ పద్నాలుగిళ్ళలోనూ ఒక్కొక్కరే ఉంటారు. పోయినేడు రెండో వీధిలో కూడా ఉండేది సముద్రం. అక్కడి మాస్టారు కూతురి దగ్గరికి వెళ్ళిపోయాక ఆరిపోయింది."

మావయ్య అప్పుడే చెప్పులతో లోపలికి వచ్చారు.

"మావయ్యా, మీ కొలతలో పద్నాలుగు తప్పులున్నాయి."

ఆయన కాగితం మీదికి వంగారు. వృత్తిపరమైన అభిమానం ముఖంలో కొట్టొచ్చినట్టు కనిపించింది. "తొమ్మిదీ సరిగ్గా ఉన్నాయా లేదా?"

"వెంట్రుకవాసి తేడా లేదు. మిగతావి?"

"సముద్రం ఒక్కచోట ఉంటుందా తల్లీ? పోటూ పాటూ ఉండవూ?"

"ముప్ఫై రెండు మెట్ల పోటా?"

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "మొదట్లో అందర్లాగే అడిగానమ్మా. సరంగుని 'ఒంట్లో ఎలా ఉంది' అన్నాను. 'ఇంకా పోలేదులే, నువ్వెళ్ళు' అని తలుపేశాడు. టెలిఫోనావిడకి పళ్ళు పట్టుకెళ్తే, 'నాకు దిక్కులేదనుకున్నారా' అని సంచీతో సహా వెనక్కిచ్చింది. ఒకరోజు నిజంగానే కాళ్ళకి బురదంటి నీళ్ళడిగాను. ఇద్దరూ ఉరుకులు పరుగుల మీద తెచ్చారు. అప్పట్నుంచి..."

"అప్పట్నుంచి సముద్రం వాళ్ళిళ్ళకి కూడా వస్తోంది."

"మగ్గు నిండా ఉంటే మనిషి బాగున్నట్టు. సగమే ఉంటే భుజం పట్టేసింది. తేవడానికి నాలుగు నిమిషాలు దాటితే మోకాళ్ళు. 'మీరే లోపలికొచ్చి పట్టుకోండి' అన్నారంటే, ఇంటికి రాగానే డాక్టరుకి ఫోను. పోయినేడు మూడుసార్లు చేశాను." జేబులో నుంచి చిన్న పుస్తకం తీశారు. తేదీల వారీగా నీళ్ళ మట్టం అంగుళాలలో రాసి ఉంది. నేను అంత శ్రద్ధగా గడులు ఎన్నడూ గీయలేదు.

సమస్య నాకు అప్పుడు పూర్తిగా అర్థమైంది. నిజమైన గీత వీధుల్లో పడితే, ఆరేళ్ళుగా మావయ్య తమ గుమ్మంలో దాటినది సముద్రం కాదని పద్నాలుగు ఇళ్ళవారికీ తెలిసిపోతుంది. ఆపైన ఆయన ఏ ముఖం పెట్టుకుని నీళ్ళడుగుతారు? పోనీ, ఆయన గీతనే ఇద్దామంటే సముద్రం మెట్లెక్కాలి.

"నిజం గీతే ఇయ్యి" అన్నారు మావయ్య. "నా ఇంట్లోంచి తప్పుడు కొలత బయటికి పోతే నాకు అన్నం సయించదు. నా సంగతి నేను చూసుకుంటాను. వాళ్ళకి మాత్రం ఏమీ చెప్పకు. నేను చూడ్డానికే వస్తున్నానని తెలిస్తే, ఒక్క తలుపు తెరుచుకోదు."

"కాలు బెణికిందని చెప్పి నీళ్ళడగండి" అంది అత్తయ్య.

"పద్నాలుగు గుమ్మాల ముందూ బెణికిందా?"

శుక్రవారం నిజమైన పటం ఇచ్చాను. శనివారం నీలి గీత పడింది. చక్కటి గీత, ఎక్కడా వంకర లేదు. ఆదివారం ఉదయం మావయ్య బయలుదేరారు. తొమ్మిది చోట్ల చెప్పులు విప్పారు. పద్నాలుగు గుమ్మాల ముందు నుంచి తల వంచుకుని, చెప్పుల కాళ్ళతో, పాఠం రాని పిల్లవాడిలా గబగబా నడిచి వచ్చేశారు. గుమ్మాల్లో మగ్గులు అలాగే ఉన్నాయి. ఇంటికి వచ్చి, "ఎండగా ఉంది" అని పడక కుర్చీలో పేపరు తిరగేసి పట్టుకుని కూర్చున్నారు.

రెండు రోజులకు, మంగళవారం నాడు ఇంజనీరు నన్ను పిలిపించారు. ఆయన బల్ల మీద కాగితాల దొంతర ఉంది.

"కూర్చోమ్మా. నీ గీత తప్పని ఫిర్యాదులొచ్చాయి. పద్నాలుగు. ఒకావిడైతే సముద్రం తన మేడ మీదికే వచ్చేదని రాసింది. ముప్ఫై రెండు మెట్లట! చీలమండ లోతట! సంతకం చేసి మరీ ఇచ్చింది. కింద ఇంటివాళ్ళు ఏమయ్యారంటే ఏం చెప్తావు?"

ఆఫీసు నుంచి తిన్నగా వెళ్ళి ఆ మెట్లెక్కాను. టెలిఫోనావిడ నన్ను చూడగానే నడుం మీద చేతులు వేసుకున్నారు.

"నువ్వేనా గీత గీయించింది? ఒక్కసారి ఆలోచించొద్దూ?"

"మామ్మగారూ, సముద్రం ఇంత ఎత్తు..."

"నా మెట్లు నాకు తెలీవా? ఆరేళ్ళ నుంచీ మీ మావయ్య నా గుమ్మంలో పొడి కాళ్ళు కడుక్కుంటున్నాడు. నేను గుడ్డిదాన్నా? పాపం, రిటైరయ్యాక ఆయన్ని పలకరించే నాథుడు లేడు. ఏదో వంకతో మాట కోసం వస్తాడు. ఒక మగ్గు నీళ్ళకి నాకేం తక్కువైంది? సరంగూ అదే అన్నాడు, కళ్ళద్దాల ఆయనా అదే అన్నాడు. ఇప్పుడు మీరంతా కలిసి ఆయన్ని నడిరోడ్డు మీద అబద్ధాలకోరుని చేశారు. మొన్న తలొంచుకుని వెళ్ళిపోతుంటే నా కడుపు రగిలిపోయింది. ఫోను దగ్గర కూర్చుని, మిగతా పదమూడిళ్ళకీ గంటలో కలిపాను. ఏం రాయాలో కూడా చెప్పాను."

పద్నాలుగు ఫిర్యాదుల్లోనూ వాక్యాలు ఒకేలా ఉండడానికి కారణం తెలిసింది.

"ఆయనకి మాత్రం చెప్పకు" అన్నారావిడ గొంతు తగ్గించి. "జాలిపడుతున్నామని తెలిస్తే మళ్ళీ రాడు. పౌరుషం మనిషి."

సమాచారదాతల గోప్యతను కాపాడడం పరిశోధకుల ప్రథమ ధర్మం. ఆ ధర్మాన్ని ఒకేసారి రెండు పక్షాలకూ నిర్వర్తించవలసి రావడం అరుదు. మావయ్యకు ఆమె మాట చెప్పలేదు. ఆమెకు మావయ్య చిన్న పుస్తకం సంగతి చెప్పలేదు. ఇంజనీరు దగ్గరికి తిరిగి వెళ్ళి, నీలి గీతను అలాగే ఉంచి, దానికి తోడు పద్నాలుగు చోట్ల చుక్కలు వేయించమని విన్నవించాను. పక్కన 'నివాసులు చెప్పిన ఒడ్డు' అని రాయిస్తే అందులో అసత్యం అక్షరమంతైనా ఉండదు. నివాసులు చెప్పారు, సంతకాలు కూడా చేశారు.

ఇంజనీరు దొంతరలోంచి టెలిఫోనావిడ ఫిర్యాదు బయటికి తీశారు. "పై మెట్టు మీద కూడానా?"

"పై మెట్టు మీద కూడానండీ."

గురువారం చుక్కలు పడ్డాయి. శుక్రవారం ఉదయం మావయ్య పద్నాలుగు గుమ్మాల్లోనూ ఆగారు. సరంగు మగ్గు అంచు దాకా నింపి తెచ్చి, "ఐదు రోజులు రాలేదే, ఒంట్లో బాగుందా?" అని అడిగాడట. మావయ్య ఇంటికి వచ్చి ఆశ్చర్యంగా చెప్పారు. "చూశావా, వాడే నన్నడిగాడు! పాపం, మాట్లాడేవాళ్ళు లేక ఎంత బెంగపెట్టుకున్నాడో." అత్తయ్య నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

శనివారం ఇంజనీరు ఆఫీసు నుంచి ఒక ఉత్తరం నా పేర వచ్చింది. పదిహేనో ఫిర్యాదు. నీటి ట్యాంకు ఉన్న గుట్ట మీద, చివరి ఇంట్లో ఉండే ఒక తాతగారు వంకర అక్షరాలతో రాశారు. 'అయ్యా, చుక్కలు అందరి గుమ్మాల్లోనూ పడినవి. మా ఇంటికి సముద్రము ఇంతవరకు ఏల రాలేదో విచారించి, తగు చర్య తీసుకొనగలరు.'

మావయ్య దాన్ని రెండుసార్లు చదివారు. చిన్న పుస్తకంలో కొత్త పేజీకి గడులు గీశారు. చెప్పులు తొడుక్కున్నారు.

"ఆ గుట్ట మీదికా?" అంది అత్తయ్య. "మీ మోకాళ్ళతో ఎక్కగలరా?"

"సముద్రమే ఎక్కుతుంటే నేనెక్కలేనా!" అంటూ మావయ్య గుమ్మం దాటారు.