రెండో పక్క లేని పందెం

నా భర్త జూదరి కాదు. ఒకప్పుడు ఈ మాట నేను ప్రేమ కొద్దీ కాక, పరీక్షించి చెప్పాను. మా పెళ్ళి ఎలా ముగిసిందో రాయాలంటే ఆ పరీక్ష దగ్గరే మొదలుపెట్టాలి.

అప్పుడు మేము జర్మనీలో, ఇంగోల్‌స్టాట్‌లో ఉండేవాళ్ళం. కార్ల విడిభాగాలు తయారుచేసే ఒక సంస్థలో అతను టెస్ట్ ఇంజనీరు. కాంట్రాక్టు ముగిసి ఇంట్లో కూర్చున్న ఆ శీతాకాలంలో, ఒక శనివారం ఉదయం కాఫీ తాగుతూ ల్యాప్‌టాప్ నా వైపు తిప్పాడు.

"ప్రొఫెసరమ్మా, జెర గిది చూడు. తప్పుంటే తిట్టు. తప్పు లేకుంటే మాత్రం ఒప్పుకోవాలె."

నేను ప్రొఫెసర్‌ని కాను. వాహనాల సెన్సార్లు చూపే అంకెలను ఎంతవరకు నమ్మవచ్చో తేల్చే ప్రయోగశాలలో పనిచేస్తాను. ఏ కొలత పక్కనైనా దాని అనిశ్చితి ఎంతో రాసి ఉండకపోతే నేను సంతకం పెట్టను. ఈ గుణం ఇంట్లో కూడా నన్ను వదలదు. జార్‌బ్రూకెన్‌లో మాస్టర్స్ చదివే రోజుల్లో మా పరిచయం ఒక వాదనతోనే మొదలైంది. విశ్వవిద్యాలయ భోజనశాలలో పోసే లిన్సెన్ అనే పప్పుగింజల సూపును మన పప్పు అనవచ్చునా, కూడదా అని. కరీంనగర్ వాడైన అతను అనవచ్చన్నాడు. కాకినాడ నుంచి వచ్చిన నేను ఆధారం అడిగాను. ఆ తరువాత ఆరేళ్ళు అతను నా ప్రశ్నలను ఆనందంగా భరించాడు. వాటి కోసమే నన్ను చేసుకున్నానని స్నేహితులతో చెప్పేవాడు.

అతను చూపించింది ఇది. టెన్నిస్‌లో డ్రా ఉండదు. ఇద్దరిలో ఒకరు గెలిచి తీరాలి. ఒక బెట్టింగ్ కంపెనీ మొదటి ఆటగాడు గెలిస్తే నూరు యూరోలకు రెండు వందల పది ఇస్తానంటుంది. సరిగ్గా అదే సమయంలో వేరొక కంపెనీ రెండో ఆటగాడి మీద అదే రేటు ఇస్తుంది. రెండు చోట్లా నూరేసి పెడితే, గెలిచేది ఎవరైనా రెండు వందలు పోయి రెండు వందల పది వస్తాయి. కంపెనీల అంచనాల మధ్య తేడాయే లాభం. అంత తేడా అరుదు. మామూలుగా నూటికి ఒక యూరో మిగిలితే గొప్ప.

నేను చేతనైనన్ని విధాలుగా దాన్ని పడగొట్టాలని చూశాను. ఇక్కడ పందెం మీద పన్ను ఉంది కదా అన్నాను. ఆ పన్నును తామే భరించే కంపెనీలను మాత్రమే ఎంచుకున్నానన్నాడు. ఆటగాడు గాయపడి మధ్యలో తప్పుకుంటే ఒక కంపెనీ డబ్బు వాపసు ఇచ్చి, రెండోది ఓడినట్టు లెక్క కడితే అన్నాను. ఇద్దరి నిబంధనలూ ఒకటే అయితేనే పెడుతున్నానని ఆ పేజీలు తెరిచి చూపించాడు. మధ్యాహ్నానికి నా దగ్గర ప్రశ్నలు అయిపోయాయి.

"సరే. ఇది జూదం కాదు," అన్నాను.

"రాసియ్యి. ఫ్రేం కట్టించుకుంట."

ఆ వసంతం మా ఇల్లు తేలికగా ఉండేది. అతను పగలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకుంటూ, మధ్యలో రేట్లు చూసుకునేవాడు. ఈ పనిలో ఒక చిత్రం ఉంది: రెండు వైపులా డబ్బు పెట్టినవాడికి ఆటతో పని లేదు. "ఎవరు గెలిస్తే ఏంది మనకు" అనేది మా ఇంట్లో ఊతపదమైపోయింది. ఆట మొదలయ్యే సమయానికి మేము డాన్యూబ్ ఒడ్డున నడుస్తూ ఉండేవాళ్ళం. ఇంటికి వచ్చాక ఫలితం చూడాలని కూడా అతనికి తోచేది కాదు.

కంపెనీలు మాత్రం అలాంటి ఖాతాదారుణ్ణి ఎక్కువ కాలం ఉంచుకోవు. ఎప్పుడూ మంచి రేటే పట్టుకునేవాణ్ణి అవి గుర్తుపడతాయి. ఒక్కొక్కటిగా అతని ఖాతాలను కుదించాయి. నూరు పెట్టబోతే రెండు యూరోలకు మించి తీసుకోం అనేవి. ఒకరోజు నేను పని నుంచి వచ్చేసరికి గుమ్మంలోనే ఎదురొచ్చాడు.

"ఇయ్యాల ఓ తమాష అయింది. ఒక పక్క పెట్టిన. రెండో పక్క పెడ్దమనేసరికి వాడు బంద్ చేసిండు. ఒక్క పక్కనే మిగిలింది. గెలిచింది!"

"ఓడిపోయుంటే?"

"ఓడలే గద."

"అది జవాబు కాదు."

"నువ్వు పెళ్ళిల పంతులును గూడ గిట్లనే అడిగినవ్, ముహూర్తానికి ఎర్రర్ ఎంత అని."

"ఆయన ఇంకా చెప్పలేదుగా."

ఇద్దరం నవ్వుకున్నాం. ఒక్క గెలుపుతో ఏమీ తేలదని నేను, నాకు తెల్వదా అని అతను. ఆ సాయంత్రం అంతకు మించి ఏమీ జరగలేదు.

తరువాతి నెలల్లో శనివారం కాఫీ దగ్గర ఆ వారం సంగతి చెప్పడం అలవాటు చేసుకున్నాడు. ఒక వారం కొంచెం వచ్చిందనేవాడు. ఒక వారం చిల్లర పోయిందనేవాడు. ఎందుకు పోయిందో, ఎక్కడ రేటు మారడం ఆలస్యంగా గమనించాడో వివరించేవాడు. ఒకసారి నేను అడగకముందే, "ఈ వారం లెక్క నాకే నమ్మబుద్ధి అయితలేదు, మళ్ళ చూస్త," అన్నాడు. నాకు ముచ్చట వేసింది. సాఫీగా పైకి పోయే గీతను నేను నమ్మను. ఎగుడుదిగుళ్ళుంటేనే అది నిజమైన కొలతలా కనిపిస్తుంది.

శరదృతువులో ఒక ఆదివారం మధ్యాహ్నం, నేను వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను. లోపలి గదిలోంచి అతని గొంతు వినిపించింది.

"కొట్టు రా! కొట్టు! అరె, గిదేం సర్వీసు రా నాయనా..."

నా చేయి ఆగింది. అది ఆట చూస్తున్న మనిషి అరుపు. అంతకంటే, ఒక పక్క కోరుకుంటున్న మనిషి అరుపు. వెళ్ళి గది గుమ్మంలో నిలబడ్డాను. తెర మీద ఎక్కడో ఒక చిన్న ఊళ్ళో, ప్రేక్షకులే లేని కోర్టులో, ఎవరికీ పేరు తెలియని ఇద్దరు కుర్రవాళ్ళు ఆడుతున్నారు. అతను మంచం అంచున కూర్చుని మోకాళ్ళను గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవరు గెలవాలి నీకు?" అని అడిగాను.

"ఏంది?"

"ఈ ఇద్దరిలో ఎవరు గెలవాలి?"

"ఎవరు గెలిస్తే ఏంది మనకు," అన్నాడు. కళ్ళు తెర మీది నుంచి తీయలేదు.

"రెండో పక్క చూపించు."

బంతి నెట్‌కు తగిలింది. అతని భుజాలు కిందికి జారాయి.

"లేదు," అన్నాడు.

"ఎప్పటి నుంచి లేదు?"

"యాదికి లేదు. ఎండకాలం నుంచి అనుకుంట. లిమిటు పెట్టని కొత్త కంపెనీలు దొరికినయ్."

ఇల్లు కొనుక్కోవడానికి ఇద్దరం దాచుకున్నదానిలో సగానికి పైగా అప్పటికే పోయింది. ఆ రోజు అతను ఏడ్చాడు, నేను ఏడవలేదు. డబ్బు మళ్ళీ సంపాదించుకోవచ్చు, ఆ మాట అప్పుడే అన్నాను కూడా. నా బుర్ర వేరేచోట చిక్కుకుంది.

"మరి శనివారాలు చెప్పినవి?"

"నేనే అల్లిన."

"పోయిన వారాలు కూడానా? చిల్లర పోయిందన్నవి?"

"అన్నీ వచ్చినయ్ అంటె నువ్వు నమ్మవు గద."

ఈ ఒక్క వాక్యాన్ని నేను ఇప్పటికీ దాటలేకపోతున్నాను. నన్ను నమ్మించడానికి అంకెల్లో ఎంత గజిబిజి కలపాలో అతనికి తెలుసు. ఏ వారం ఓడిపోవాలో, ఏ పొరపాటును తనంతట తాను ఒప్పుకుంటే నేను మెచ్చుకుంటానో తెలుసు. ఆరేళ్ళు నా పక్కన కూర్చుని, నా అనుమానాల తీరును ప్రేమగా నేర్చుకున్న మనిషి, నేర్చుకున్నదంతా అందుకు వాడాడు.

ఆ తరువాత నెలల తరబడి మాట్లాడుకున్నాం. ఊరుకున్నాం, మళ్ళీ మాట్లాడుకున్నాం. చివరికి నేనే లాయరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఇక్కడ విడాకులకు ముందు ఒక ఏడాది వేరుగా బతకాలి, ట్రెన్నుంగ్స్‌యార్ అంటారు. రెండు ఇళ్ళ అద్దెలు కట్టే స్థితిలో మేము లేము. ఒకే ఇంట్లో ఉండి కూడా ఆ ఏడాది గడపవచ్చని లాయరు చెప్పింది. గదులు వేరు, వంట వేరు, బట్టలు ఉతకడం వేరు; ఒకరికొకరు ఏ పనీ చేసిపెట్టకూడదు. ఆమె అది ఫ్రిజ్ వాడే పద్ధతి చెప్పినంత మామూలుగా చెప్పింది.

మా ఇంట్లో వంట అతనిదే ఎక్కువగా ఉండేది. ఇప్పుడు అతను తన అన్నం తాను వండుకుని, కుక్కర్ కడిగి, నా కోసం పొయ్యి ఖాళీ చేసి, గదిలోకి వెళ్ళి తలుపు వేసుకునేవాడు. పోపు వాసన మాత్రం తలుపులను లెక్కచేయదు. గోడకు అటు వెల్లుల్లి వేగుతుంటే ఇటు నేను బ్రెడ్ మీద వెన్న రాసుకునేదాన్ని.

ఫిబ్రవరిలో నాకు జ్వరం వచ్చింది. రెండో రోజు తలుపు తట్టాడు. చేతిలో గిన్నె, టమాటా చారు, అందులోనే మెత్తగా కలిపిన అన్నం.

"తీసుకోకూడదు. నీకూ తెలుసు," అన్నాను.

"కోర్టోళ్ళు వచ్చి గిన్నె చూస్తరా? జరమొచ్చిన మనిషికి ఇస్తే లెక్కల రాదు. తిను."

తిన్నాను. గుమ్మంలోనే నేల మీద కూర్చున్నాడు. కాసేపయ్యాక తన ఫోన్ నా వైపు జరిపాడు. ఈ దేశంలో ఎవరైనా తమను పందేల నుంచి దూరం పెట్టమని తామే కోరవచ్చు. ఒకసారి నమోదైతే అనుమతి పొందిన ఏ కంపెనీ వారిని లోపలికి రానివ్వదు. అతను నమోదు చేసుకున్నాడు. ధ్రువీకరణ ఉంది. బ్యాంకు ఖాతా తెరిచి చూపించాడు. ఆ ఆదివారం తరువాత ఒక్క పందెం కూడా లేదు.

"చూడు. ఏదంటె అది అడుగు," అన్నాడు.

చూశాను. అలవాటు ప్రకారం మనసులోనే ప్రశ్నలు వేసుకున్నాను. అనుమతి లేని కంపెనీలు ఉండవచ్చు. వేరే ఖాతా ఉండవచ్చు. అవేవీ ఉన్నట్టు కనబడలేదు. చేతిలో ఉన్న ఆధారాలను బట్టి అతను మానేశాడు. ప్రయోగశాలలో అయితే సంతకం పెట్టేదాన్ని.

అయినా నమ్మకం రాలేదు. దాని కోసం ఎదురుచూశాను. గిన్నె చల్లారేదాకా ఎదురుచూశాను. నా ఎదురుగా ఉన్న ఆధారం, నాకు ఎలాంటి ఆధారం కావాలో అందరికంటే బాగా తెలిసిన మనిషి తెచ్చింది. అది నిజమైతే ఎలా ఉంటుందో, నా కోసం అల్లినదైతేనూ అచ్చం అలాగే ఉంటుంది. రెంటినీ విడదీయగల పరీక్ష ఏదీ నాకు తట్టలేదు.

"నమ్ముతలేవు," అన్నాడు.

"నమ్మాలనే ఉంది."

"గది జవాబు కాదు," అన్నాడు మెల్లగా. ఈసారి ఎవరం నవ్వలేదు. గిన్నె తీసుకుని వెళ్ళాడు. వంటింట్లో దాన్ని కడుగుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది.

ఏడాది గడిచేలోపే అతనికి జీగెన్‌లో ఉద్యోగం దొరికింది. రెండు సూట్‌కేసులతో వెళ్ళిపోయాడు. తరువాత కోర్టు తారీఖుకు వచ్చాడు. నీలం చొక్కా వేసుకున్నాడు, ఇస్త్రీ సరిగా లేదు. న్యాయమూర్తి ఎప్పటి నుంచి విడిగా ఉంటున్నారని అడిగింది, ఈ పెళ్ళి విఫలమైందని భావిస్తున్నారా అని ఒకరి తరువాత ఒకరిని అడిగింది. అతను 'యా' అన్నాడు. నేనూ అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే చెప్పడానికి నేను సిద్ధపడి వచ్చాను.

స్టేషన్ దాకా కలిసే నడిచాం. న్యూరెంబర్గ్ వైపు వెళ్ళే రైలు వచ్చి ఆగి ఉంది.

"అక్కడ ఎలా ఉంది?" అని అడిగాను.

"మంచిగనే ఉన్నది. వండుకుంటున్న. నిద్ర గూడ పడుతున్నది."

అతని మొహంలోకి చూశాను. కళ్ళ కింద నలుపు ఉందా, చిక్కాడా, గొంతులో తేడా ఉందా అని వెతుకుతున్నానని నాకే తెలుస్తోంది. ఏళ్ళ తరబడి నా పక్కన నిద్రపోయిన మనిషి రాత్రి నిద్ర పడుతోందని చెబితే, దాన్ని అలాగే పుచ్చుకోవడం నాకు చేతకాలేదు.

"నువ్వు?" అన్నాడు మెట్టెక్కుతూ.

"బాగానే ఉన్నాను," అన్నాను.

అది నిజం కాదు. అతను తల ఊపి, మరేమీ అడగకుండా లోపలికి వెళ్ళాడు.