తొంభై నాలుగు అని చెప్పిన

ఒక అబద్ధం నా లోపల కూసొని ఏండ్లాయె. దాని బరువు నాకొక్కనికే తెలుసు. భార్యకు చెప్పలేదు. షాపు శేఠ్‌కు చెప్పలేదు. ఎవలకు చెప్పాల్నో ఆమెకు అసలే చెప్పలేదు. నీకు రాసి చెప్తున్న. నువ్వెవరో నాకు తెల్వదు, నేనెవరో నీకు తెల్వదు. అందుకే నోరు లేస్తున్నదేమో.

సూరత్‌ల, ఉధ్నా అనే బస్తీల ఒక మెడికల్ షాపుల పనిచేస్త. మొదలు నేను సుత సాంచెల మీదనే, కరెంటు మగ్గాల మీదనే బతికిన. కుడి భుజం పట్టేసి మగ్గం పని చేతకాకుంటైనంక, నాలుగక్షరాలు చదువొచ్చని ఒక గుజరాతీ శేఠ్ తన కౌంటర్ల నిలబెట్టిండు. గోలీల పేర్లు నేర్చుకున్న. బీపీ చూసుడు, వేలికి సూది గుచ్చి షుగర్ చూసుడు నేర్చుకున్న. మందుల చదువు నేను చదవలేదు. ఇంటర్ ఫెయిల్. కానీ మన దిక్కు నుంచి వచ్చి సాంచెలు నడిపేటోళ్లకు కడుపుల మంటను, గుండెల దడను హిందీల చెప్పుకునుడు రాకపోతుండె. తెలుగుల చెప్పుకుంటే అర్థం చేసుకునేటోన్ని ఆ బజార్ల నేనొక్కన్నే. జలుబు, విరేచనాలు, మిషన్ల పడి తెగిన వేలు, అన్నిటికీ నా దగ్గరికే వచ్చేటోళ్లు. డాక్టరన్న అని పిలిచేటోళ్లు. మొదట్ల గట్ల పిలవద్దన్న. కొన్ని దినాలకు వద్దనుడు బంద్ చేసిన. ఎవలన్నా ఉత్త అన్నా అని పిలిస్తే మనసుల ఏదో తక్కువైనట్టు అనిపించే దాక వచ్చిన.

కరోనా రెండోసారి ముంచుకొచ్చిన ఎండాకాలం అది. మల్లేశం వచ్చిండు. నలభై ఏండ్లు కూడా లేవు. మా పక్క గల్లీల భార్య సరోజతోని, బిడ్డతోని ఒకే గది ఉన్న ఖోలీల ఉంటుండె. జ్వరం, ఒళ్లు నొప్పులు. టెస్ట్ చేయించుకోవాల్నా అని అడిగిండు. ఏం వద్దు, ఎండ జ్వరమే, మూడు దినాల్ల తగ్గుతదని గోలీలిచ్చిన. తెలిసే చెప్పిన్నా? లేదు. వెనక పదిమంది వరుసల నిలబడ్డరు. అందరు నా నోటి దిక్కు చూస్తున్నరు. తెల్వదు అనే ఒక్క మాట నాకు రాలేదు.

మూడు దినాలైనంక, పొద్దున పది గంటలకు, సరోజ అతన్ని పట్టుకొని తీసుకొచ్చింది. నాలుగడుగులకొకసారి ఆగుతుండు. స్టూలు మీద కూసోబెట్టి వేలికి ఆక్సిజన్ చూసే మిషన్ పెట్టిన. అంకెలు నా దిక్కున్నయి. ఎనభై ఆరు. మిషన్ తీసి, అంగీకి తుడిచి, ఇంకో వేలికి పెట్టిన. ఎనభై ఆరే. తొంభైకి తక్కువుంటే దవాఖానకు తోలాలెనని నాకు తెలుసు.

"ఎంతున్నదన్నా?" సరోజ అడిగింది.

"తొంభై నాలుగు."

"మంచిదేనా?"

"మంచిదే. నీరసముంది, గంతే."

మల్లేశం తల లేపి నా దిక్కు చూసిండు. "మరి దమ్మెందుకు ఆడుతలేదన్నా?"

"భయపడ్డవు తమ్మీ. భయానికి గట్లనే అనిపిస్తది. ఇంటికి పోయి పండుకో."

"డాక్టరన్న చెప్పినంక ఇంకేంది," అని లేచిండు. సరోజ దిక్కు చూసి నవ్వబోయిండు. దగ్గొచ్చింది.

ఎందుకు గట్లన్న? దవాఖానాల్ల బెడ్లు లేవు, నిజం చెప్పి ఏం లాభం, ఉత్తగ భయపడతరు, అందుకే అన్ననని చాన్నాళ్లు నాకు నేనే చెప్పుకున్న. అది సుత అబద్ధమే. ఆ నిమిషంల నాకు బెడ్లు యాదికి రాలేదు. వరుసల నిలబడ్డోళ్లు యాదికొచ్చిండ్రు. ఎనభై ఆరంటే, మూడు దినాల కింద నేను చెప్పింది తప్పని అందరికీ తెలుస్తది. ఒక మనిషి ఊపిరికీ నా పేరుకూ నడుమ నేను పేరునే ఏరుకున్న. ఇది రాసేతందుకు ఇన్నేండ్లు పట్టింది.

తెల్లారి సాయంత్రం దాక వాళ్లు ఇంట్లనే ఉన్నరు. పెదవులు నల్లబడినంక ఆటోల ఎక్కించుకొని పోయిండ్రు. రెండు దవాఖానాల్ల వద్దన్నరు, మూడో దాంట్ల తీసుకున్నరు. నాలుగు దినాలు ఉన్నడు. ఐదో దినం పోయిండు. ముందుగాల పోతే బతికేటోడా? ఏమో. ఆ ఏమో అనే మాట కింద దాక్కుందామని మస్తు చూసిన. కానీ ఒక దినమున్నర నేను గుంజుకున్న. అది మాత్రం ఏమో కాదు.

ఇంకొకటి చెప్పాలె. గింత ఆలస్యంగ ఎందుకు తెచ్చినవని అక్కడ డాక్టరు సరోజను కోపం చేసిండట. మా మెడికల్ షాపు అన్న మిషన్ పెట్టి చూసిండు, తొంభై నాలుగుండె అని చెప్పిందట. అట్లయితే ఆక్సిజన్ ఒక్కసారే పడిపోయినట్టున్నదని ఆయన కాగితం మీద రాసుకున్నడట. నా అబద్ధం మల్లేశం కాగితాలల్ల నిజమై కూసుంది. ఈ సంగతి సరోజనే నాకు చెప్పింది, నన్ను ఓదార్చుకుంట. నువ్వు చూసినప్పుడు మంచిగనే ఉండె కదన్నా, మా నసీబు గట్లుంది అన్నది. నేను తల ఊపిన.

ఊపిన. ఆ తల ఊపుడు మొదటి అబద్ధం కంటే పెద్దది. మొదటిది భయంల నోరుజారిందనుకోవచ్చు. రెండోది, ఏడుస్తున్న మనిషి ముంగట నిలబడి, తెలిసి చేసిన.

సరోజ ఊరికి పోలేదు. ఇంట్ల కూసొని చీరలకు దారాలు కత్తిరిస్తది, బిడ్డను చదివిస్తున్నది. నెలకొకసారి బీపీ చూపించుకునేతందుకు వస్తది. వేరే షాపుకు పోదు. నేను పట్టీ చుట్టుతుంటే చెయ్యి నా దిక్కు చాపి నమ్మకంతోని కండ్లు మూసుకుంటది. ఒకసారి ధైర్యం చేసి, చెల్లె, ఆ దినం మిషన్ల అని మొదలువెట్టిన. ఆ ముచ్చట వద్దన్నా, నాకు తట్టుకొనుడు కాదు అన్నది. ఆమె వద్దన్నదని ఆగిన్నా, ఆమె వద్దంటే బాగుండునని ఎదురుచూసిన్నా? నీకు తెలుస్తనే ఉన్నది కదా.

ఇప్పుడు ఏ మిషన్ పెట్టినా అంకెలు వాళ్ల దిక్కు తిప్పి చూపిస్త. జ్వరం మూడు దినాలు దాటితే డాక్టర్ దగ్గరికి తోల్త. వీడు పిరికోడైండని కొందరంటరు. ఇవన్ని చెప్పి మంచోన్నని అనిపించుకుందామని కాదు. బతికున్నోళ్లకు చేసేది మల్లేశానికి చేరదు.

నిన్ను మాఫీ అడుగుతలేను. అది నీ చేతుల లేదు. అడగాల్సిన మనిషి వచ్చే నెల మళ్ల వస్తది, చెప్తనో లేదో నాకే తెల్వదు. రాసినంక మాత్రం ఛాతీల ఏదో జర సడలింది, ఇన్నేండ్లకు దమ్ము తేలిగ్గ ఆడుతున్నది. సరోజకు ఇంకా రాని తేలిక ఇది. ముందుగాల నాకొచ్చింది.