మొదటి వాత

మా అక్క కొడుక్కి మొదటి వాత పెట్టినప్పుడు చేతులు పట్టుకున్నది నేనే. కాళ్లు అమ్మ పట్టుకుంది.

వాడికప్పుడు ఎనిమిదో నెల. మూడు రోజులుగా దగ్గు. ఆ పొద్దున పాలు తాగడం మానేశాడు. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద చర్మం గుంటలు పడుతోంది. డొక్కలెగరేస్తున్నాడని, వాత పడితే గాని లొంగదని మామ్మ, అంటే మా నాన్న తల్లి, పక్క వీధిలో వాతలు పెట్టే ఆవిడను పిలిపించింది. నరసాపురం వైపు మా ఊళ్లో ఇది కొత్త కాదు. నా పొట్ట మీదా రెండు మచ్చలున్నాయి.

ఆవిడ పసుపు కొమ్మును దీపం మీద నిప్పు కణికలా కాల్చి వాడి డొక్క మీద అదిమింది. చర్మం చుయ్‌మంది. ఒళ్లంతా విల్లులా వంగింది. ఏడవడానికి నోరు తెరిచాడు గాని శబ్దం రాలేదు. ఏడుపుకి సరిపడా ఊపిరి కూడా లేదు. అక్క గోడకేసి తల బాదుకుంటోంది. నా గుప్పిట్లో వాడి చేతులు చల్లగా ఉన్నాయి.

ఆ నెల మొదట్లో ఆశా కార్యకర్త మా అరుగు మీద ఆడవాళ్లని కూర్చోబెట్టి న్యుమోనియా గురించి చెప్పింది. ప్రపంచమంతటా పసిపిల్లల్ని ఎక్కువగా పొట్టన పెట్టుకుంటున్న జబ్బుల్లో అదొకటంది. లేసు అల్లుకుంటూ విని, డైరీలో రాసుకున్నాను. చొక్కా ఎత్తి నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టాలి. ఏడాదిలోపు బిడ్డకి యాభైకి చేరితే ఆసుపత్రి. డొక్క లోపలికి పోతుంటే ఆ లెక్క కూడా అక్కర్లేదు, పరుగే. రాసుకున్నాను గాని ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నలుగురిలో నోరు విప్పడం నాకు చేతకాదు.

రెండో కొమ్ము కాలుతుండగా ఫోన్లో టైమర్ పెట్టి లెక్కపెట్టాను. అరవై ఎనిమిది.

"మామ్మా, ఆసుపత్రికి తీసుకెళ్దాం."

"పుస్తకాలు చదివి నాకు చెప్తావటే? చేతులు పట్టుకో."

కొమ్ము వాడి మీదికి దిగుతోంది. ఆవిడ చేతిని నా చేత్తో నెట్టేశాను. దీపం దొర్లి ఆరిపోయింది. కొమ్ము నా ముంజేతికి అతుక్కుని తోలు ఊడదీసింది. మామ్మ నా జడ పట్టి ఈడ్చి చెంపలు వాయించింది. పెదవి చిట్లి నోట్లోకి రక్తం వచ్చింది. మామ్మని తోసేశాను. ఎనభై ఏళ్ల మనిషి గడప మీద పడింది, మణికట్టు విరిగిన చప్పుడు వినపడింది. ఆగలేదు. బిడ్డను గుండెకి కరుచుకుని రోడ్డెక్కాను, వెనక అక్క.

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెడుతూ డాక్టరమ్మ ఆ వాత చూసింది. ఎవరు చేశారని అడిగింది.

"చేతులు నేనే పట్టుకున్నానండి."

ఆరో రోజు వాణ్ణి ఇంటికి తెచ్చుకున్నాం. మామ్మ చాలా నెలలు నాతో మాట్లాడలేదు. మణికట్టు వంకరగానే అతుక్కుంది.

మొన్నటి వానల్లో ఎదురింటి కోడలు దగ్గుతున్న పసిదాన్ని ఎత్తుకుని మామ్మ దగ్గరికొచ్చింది, వాతలావిడకి కబురు పెట్టమని. మామ్మ ఆ పిల్లను నా ఒళ్లో పడుకోబెట్టి చొక్కా ఎత్తింది.

"నీ ఫోను తియ్యవే. లెక్కపెట్టు."

నిమిషం ఇంకా పూర్తి కాలేదు. నేను యాభై అనగానే ఆటో కోసం వీధిలోకి కేకేసింది మామ్మే.